చెరిపిన కామాలు

మొదటి కామాను నూట పన్నెండో పేజీలో చెరిపాను. పెన్సిలుతో పెట్టినది కాబట్టి రబ్బరుతో రెండుసార్లు రుద్దితే పోయింది. పొడిని చిటికెన వేలితో దులిపి, కాగితాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూశాను. గుర్తు కనపడలేదు. తప్పు చేస్తున్నానని అప్పుడే తెలుసు. ఎంత పెద్ద తప్పో తెలియలేదు.

మాది అచ్చాఫీసు. కింద యంత్రాలు, మధ్య అంతస్తులో బైండింగు, పైన ప్రూఫులు చూసే గది. ఆ గదిలో ఒక పొడుగాటి బల్ల, రెండు కుర్చీలు. కిటికీ వైపు కుర్చీ మాస్టారిది, గోడ వైపుది నాది. నలభై ఏళ్లుగా ఆయన ఇంగ్లీషు పుస్తకాలు దిద్దుతున్నారు. కామాల విషయంలో ఎవరినీ వదిలిపెట్టరని అందరూ కామా మాస్టారనే పిలుస్తారు. నేను మా ఆయన పోయిన ఏడాది ఆ గది ఊడవడానికి చేరాను. చెత్తబుట్టలో పడ్డ ప్రూఫు కాగితాల వెనక వైపు మాస్టారే నా చేత అక్షరాలు దిద్దించారు. ముందు మన అక్షరాలు, తర్వాత ఇంగ్లీషువి. నాలుగేళ్లకి చీపురు ఇంకొకరికి ఇచ్చి నన్ను గోడ వైపు కుర్చీలో కూర్చోబెట్టారు.

పని ఇలా సాగుతుంది. ప్రూఫు కాగితం ఆయన ముందుంటుంది. రచయిత ఇచ్చిన అసలు రాత నా ముందుంటుంది. ఆయన ప్రూఫును పైకి చదువుతారు, నేను అసలులో వేలు పెట్టుకుని వెంట వెళతాను. కామా వచ్చిన చోట ఆయన గొంతు అర క్షణం ఆగుతుంది, పెన్సిలు కాగితానికి తగులుతుంది. అక్కడ కామా పడి ఉంటే సరే, లేకపోతే ఆ తగలడంతోనే పెట్టేస్తారు. గొంతు ఆగడం, పెన్సిలు దిగడం ఆయనకి ఒకటే పని అయిపోయింది. సాయంత్రం ఆ పెన్సిలు గుర్తుల మీద నేను ఎర్ర సిరా దిద్ది కిందికి పంపుతాను. ఎర్ర సిరా పడ్డదే కింద వాళ్లు చూస్తారు.

నాకు అనుమానం వస్తే మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టాలి. చెరపకూడదు. మొదటి రోజే చెప్పారు. "నీ పని అడగడం, నా పని చెప్పడం. అడక్కుండా చెరిపావంటే నా కళ్లకి గంతలు కట్టినట్టే."

ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజుకొకసారి ఆయన కావాలనే ఒక కామా దగ్గర ఆగకుండా చదివేసేవారు, నేను పట్టుకుంటానో లేదో చూద్దామని. పట్టుకుంటే "దొరికాడు దొంగ" అని నవ్వేవారు. పట్టుకోకపోతే ఆ పూట టీ కోసం మెట్లు నేనే దిగాలి.

ఇప్పుడు మేం దిద్దుతున్న పుస్తకం మాస్టారు సొంతంగా రాసింది. ఇంగ్లీషు వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నదే అందులో విషయం. రెండు వందల నలభై పేజీలు. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ దిద్దిన మనిషికి తన పేరుతో ఒక్క పుస్తకం. ప్రెస్సు యజమాని ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

నాకు అందులో సగం ముక్కలకి అర్థం తెలియకపోయినా నియమాలు మాత్రం వచ్చు. మాస్టారు చెప్పే పద్ధతి అలాంటిది. వస్తువులు వరసగా చెబుతుంటే ఒక్కోదానికీ మధ్య కామా, అరలో గిన్నెలు ఒకదానికొకటి తగలకుండా సర్దినట్టు. వాక్యం 'ఇలా ఉంటే', 'అలా జరిగితే' లాంటి మాటలతో మొదలై అసలు సంగతిలోకి వచ్చేముందు ఒక కామా, లోపలికి రాబోతూ గుమ్మంలో చెప్పులు విడిచినట్టు. రెండు నిండు వాక్యాలని ఒట్టి కామాతో కలపకూడదు, రెండు నిండు బిందెల్ని చిటికెన వేలికి తగిలించినట్టు ఉంటుంది. ఇక కర్తకీ క్రియకీ మధ్య కామా పెట్టనే కూడదు. "మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకేం పని?" అని కామాని తిట్టేవారు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది ఒకటుంది. "కామా ఊపిరి పీల్చుకోవడానికి కాదమ్మా, అర్థం కోసం. ఊపిరి ఎవడి గోల వాడిది."

నూట పన్నెండో పేజీలో నేను చెరిపింది కర్తకీ క్రియకీ మధ్య పడ్డ కామా.

పొరపాటు అనుకున్నాను. అందరికీ జరుగుతుంది. ప్రశ్న గుర్తు పెడదామని పెన్సిలు తీశాను కూడా. కానీ ఆ మధ్యాహ్నమే యజమాని పైకి వచ్చి, గదిని నాలుగు మూలలా చూసి వెళ్లాడు. వెళ్తూ గుమ్మం దగ్గర నాతో అన్నాడు. "ఏమ్మా, మీ మాస్టారు ఇంకా గట్టిగానే ఉన్నారా? మంచిది. ఆయన చేతిలో తప్పు దొర్లిన రోజు ఈ గదికి తాళమే." నవ్వుతూనే అన్నాడు. నవ్వు సగంలో ఆపి మెట్లు దిగాడు. అందుకే ప్రశ్న గుర్తు మానేసి రబ్బరు తీశాను.

ఆ వారంలో పేజీకి ఒకటి. తర్వాతి వారంలో మూడు. అవి ఎక్కడ పడితే అక్కడ పడేవి కావు. వాక్యం మొదలైన తర్వాత తొమ్మిది, పది మాటలకి ఒకటి. ఇంకో వారం పోయాక ఏడు మాటలకే ఒకటి. కామాలు అర్థాన్ని బట్టి పడటం లేదు, కొలత పెట్టి కోసినట్టు పడుతున్నాయి. ఆ కొలత రోజురోజుకీ పొట్టిదవుతోంది.

ఇరవై రెండు మెట్లెక్కాలి మా గదికి. మధ్యలో గోడకి మంటలార్పే సిలిండరు, దాని పక్కన అది వాడే విధానం అట్ట మీద అంటించి ఉంటాయి. మాస్టారు రోజూ అక్కడ ఆగి ఆ అట్ట చదవడం మొదలుపెట్టారు.

బైండింగులో పుస్తకాలు కుట్టే సూదక్క తలుపులోంచి చూసి కేకేసేది. "ఏంటి మాస్టారూ, అందులో ఇంకా తప్పులు దొరుకుతున్నాయా?"

"దొరుకుతున్నాయమ్మా. రోజుకొకటి."

"వారం నుంచి చూస్తున్నాను, అది ఎనిమిది లైన్లే కదా!"

"ఎనిమిది లైన్లు రాసినవాడికి తొమ్మిది తప్పులు చేయడం కష్టమా?"

అందరూ నవ్వారు. నేను ఆయన చెయ్యి చూశాను. మెట్ల కమ్మీని పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. గోళ్ల కింద నీలి రంగు తేలింది.

ఆ రంగు నాకు తెలుసు. మా ఆయన గోడలకి రంగులు వేసేవాడు. పోయే ముందు ఏడాది నిచ్చెన మూడో మెట్టు మీద ఆగి పైకప్పు వైపు చూసేవాడు, ఎక్కడ మొదలుపెట్టాలా అని లెక్కేస్తున్నట్టు. నేనూ అలాగే అనుకున్నాను. మనిషికి ఊపిరి చాలనప్పుడు ఏదో ఒకటి చూస్తూ నిలబడతాడని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు టీ తాగేటప్పుడు అడిగాను. "మాస్టారూ, డాక్టరు దగ్గరికి వెళ్లకూడదా?"

"ఎందుకు?"

"ఆయాసం."

"అరవై ఎనిమిదేళ్లు నాకు. ఆయాసం రాకపోతే జనం అనుమానిస్తారు."

"నవ్వులాట కాదు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఎన్ని పేజీలున్నాయి?"

"తొంభై నాలుగు."

"తొంభై నాలుగూ అయ్యాక నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే వస్తాను. ఇప్పుడు వెళ్తే వాళ్లు ముందు మంచం మీద పడుకోబెడతారు. నేను పడుకుంటే యజమాని ఈ పుస్తకాన్ని కూడా పడుకోబెడతాడు. పద, చదువుదాం."

చదివాం. నేను మళ్లీ అడగలేదు. సాయంత్రాలు ఎర్ర సిరా కంటే రబ్బరు ఎక్కువ ఖర్చయ్యేది. ముందు చెరపడం, తర్వాత ఎర్ర సిరా దిద్దడం. కిందికి వెళ్లే కాగితాలు అద్దంలా ఉండేవి. యజమాని ఒకసారి వాటిని చూసి, "ముసలాయన చెయ్యి ఇంకా పదునే" అన్నాడు. ఆ మాట విని నాకు సంతోషం వేసింది. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటే చలేస్తుంది.

సూదక్క మాత్రం కనిపెట్టింది. సాయంత్రం పైకొచ్చి, నా ఒళ్లో రాలిన రబ్బరు పొడి చూసి అంది. "ఏమే పిల్లా, పొద్దంతా ఆయన పెట్టడం, సాయంత్రం నువ్వు తీసెయ్యడం. ఏం కాపురమే ఇది?"

"నీ నోరు సూదితో కుట్టుకో."

"కుట్టుకుంటాలే. కానీ ఒకటి చెప్పు. నువ్వు చెరిపేది తప్పునా, రోగాన్నా?"

నేను ఒళ్లో పొడి దులుపుకున్నాను. ఆవిడ నా భుజం మీద పడ్డ దారప్పోగు తీసేసి వెళ్లిపోయింది.

నూట డెబ్బై ఒకటో పేజీ చదివిన రోజు వాన పట్టి ఉంది. లైటు వేసుకుని కూర్చున్నాం. మాస్టారు రెండు మాటలు చదివి ఆగుతున్నారు. పెన్సిలు దిగుతోంది. మళ్లీ రెండు మాటలు, మళ్లీ పెన్సిలు. ఆగిన ప్రతిసారీ ఆయన రొమ్ములోంచి ఒక చప్పుడు వచ్చేది, తడి తలుపు గడప మీద ఒరుసుకున్నట్టు. ఆయనకి అది వినపడుతున్నట్టు లేదు. ఆ పేజీలో ఉన్నది కర్తకీ క్రియకీ మధ్య కామా పెట్టకూడదన్న అధ్యాయమే.

సాయంత్రం ఆయన వెళ్లాక లెక్కపెట్టాను. ఉండకూడని కామాలు నలభై ఒకటి.

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. అది అరిగి చింతగింజంత అయింది. ఇన్నాళ్లూ నేను ఆయన కొలువు కాపాడుతున్నాననుకున్నాను, పుస్తకం కాపాడుతున్నాననుకున్నాను. ఆ కాగితం చూస్తుంటే అర్థమైంది. ఆయనకి ఏమవుతోందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని రోజూ సాయంత్రం నా చేతులతో నేనే తుడిచేస్తున్నాను. ఆయన భార్యకి తెలియదు. ఆయనకీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, పైగా దాచిపెడుతున్నదాన్నీ నేనే.

రబ్బరు సొరుగులో వేశాను. పెన్సిలు చెక్కి, ప్రతి తప్పు కామాకి ఎదురుగా మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టాను. నలభై ఒక్క ప్రశ్న గుర్తులు. మార్జిన్ చాలక కొన్ని అడుగున పెట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆయన కుర్చీలో కూర్చుని, ఊపిరి కూడదీసుకునేదాకా ఆగి, ఆ కాగితం ముందు పెట్టాను.

కళ్లద్దాలు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇవన్నీ నేను పెట్టినవేనా?"

"మీ పెన్సిలే."

"నేను ఇలాంటివి పెట్టను."

"నిన్న పెట్టారు."

"మొన్న?"

"ముప్ఫై ఆరు. చెరిపేశాను."

ఆయన తలెత్తారు. "ఎప్పటి నుంచి?"

"నూట పన్నెండో పేజీ నుంచి."

అప్పుడు నన్ను చూసిన చూపు జన్మలో మరిచిపోను. కోపం కాదు. తెలిసిన వీధిలో దారి తప్పినవాడిలా చూశారు. కింద యంత్రం ఆగి మళ్లీ మొదలైంది.

"చదువు" అన్నారు.

"నేనా?"

"ప్రూఫు నువ్వు చదువు. అసలు రాత నేను పట్టుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చదువు. ప్రతి కామా దగ్గరా ఆగు."

అయిదేళ్లలో ఎప్పుడూ నేను చదవలేదు, ఆయన వినలేదు. కాగితం నా వైపు తిప్పుకుని మొదలుపెట్టాను. రెండు మాటలు, ఆగాను. రెండు మాటలు, ఆగాను. మూడో లైను దాటేసరికి నా గొంతు నాది కాకుండా పోయింది. అంత దగ్గర దగ్గరగా ఆగితే మనిషి మామూలుగా ఊపిరి తీసుకోలేడు. పైపైన పీల్చి వదలాలి. నా రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. గదిలో ఎవరో ముసలి మనిషి మెట్లెక్కి వస్తున్నట్టుంది, ఎంతకీ పైకి చేరటం లేదు. నేను చదువుతున్నది ఆయన ఊపిరినే. ఆయన అసలు రాత మీద పెట్టిన వేలు ఎప్పుడో ఆగిపోయింది. గోడ వైపు చూస్తూ వింటున్నారు.

"చాలు" అన్నారు.

నేను ఆపాను. నా ఊపిరి నాకు రావడానికి కాసేపు పట్టింది.

"ఇంత ఘోరంగా ఉందా?"

"ఉంది మాస్టారూ."

"మా ఆవిడ రోజూ అడుగుతోంది. బాగానే ఉన్నానని చెబుతున్నాను. అబద్ధం అనుకోలేదు." పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నారు. లేచారు. "మొదటి రోజే ప్రశ్న గుర్తు పెట్టి ఉంటే ఏం పోయేదమ్మా?"

అది తిట్టు కాదు, నిజంగానే అడిగారు. అందుకే ఇంకా తగిలింది.

ఆ మధ్యాహ్నమే ఆయన భార్యతో కలిసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రొమ్ముకి ఎక్స్‌రే ఫొటో తీశారు, రక్తం తీశారు, వేలికి ఏదో తొడిగి అంకెలు చూశారు. డాక్టరు చిన్నపిల్ల, నా కూతురంత ఉంటుంది. ఫొటోని వెలుగుకి పెట్టి అడిగింది.

"ఆయాసం ఎన్నాళ్ల నుంచి?"

"ఈ వారమే కాస్త ఎక్కువైంది" అంది మాస్టారి భార్య.

"అరవై మూడు రోజులు" అన్నాను నేను.

ఆవిడా డాక్టరూ ఇద్దరూ నా వైపు తిరిగారు. "అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"ప్రూఫు కాగితాల మీద తేదీ వేస్తాం."

డాక్టరుకి అర్థం కాలేదు. రాసుకుంది. రాస్తూ, తలెత్తకుండా, "అప్పుడే తీసుకొచ్చి ఉంటే" అని ఆగింది. వాక్యం పూర్తి చెయ్యలేదు. 'ఉంటే' దగ్గర ఆ వాక్యం గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడిపోయింది. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని ఉంది. మెల్లగా వదిలేసింది.

మంచం ఇచ్చారు. మర్నాడు నేను ప్రెస్సుకి వెళ్లేసరికి మా గదిలో వడ్రంగి ఉన్నాడు. టేపు పట్టి కిటికీ దగ్గర్నుంచి గోడ దాకా కొలుస్తున్నాడు. "కాగితం కట్టలు పెట్టడానికి అరలు చెయ్యమన్నారు" అన్నాడు. మాస్టారి కుర్చీ అడ్డంగా ఉందని పక్కకి జరిపి ఉంచాడు. దాన్ని మళ్లీ కిటికీ దగ్గరికి లాగి, నా కుర్చీలో కూర్చున్నాను.

కిందికి వెళ్లి యజమానితో చెప్పాను. "అరవై తొమ్మిది పేజీలున్నాయి. మాస్టారు అక్కడి నుంచే చూస్తారు. నేను తీసుకెళ్లి తీసుకొస్తాను."

"ఆసుపత్రిలోంచా?"

"పెన్సిలు పట్టుకోవడానికి ఆసుపత్రిలో అడ్డు చెప్పలేదు."

అతను "నెలాఖరు దాకా" అన్నాడు. పైన టేపు చప్పుడు వినపడుతూనే ఉంది.

రోజూ పది పేజీలు పంపేదాన్ని. వార్డులోకి బయటివాళ్లని రానిచ్చేవారు కాదు, కాబట్టి ఆయన భార్య చేతికి ఇచ్చి, సాయంత్రం ఆవిడ దగ్గరే తీసుకునేదాన్ని. మొదటి రోజు కాగితాలు వచ్చాక కంగారుగా విప్పాను. ఒక్క తప్పు కామా లేదు. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. సంతోషం అర నిమిషం నిలిచింది. తర్వాత తట్టింది. ఆయన అక్కడ పైకి చదవటం లేదు. కళ్లతో చదువుతున్నారు. గొంతు ఆగడం లేదు కాబట్టి పెన్సిలు దిగడం లేదు. ఆయన ఊపిరి ఎలా ఉందో ఇక ఏ కాగితమూ నాకు చెప్పదు.

అందుకని మర్నాడు పంపే పేజీల్లో ఆయన ఆటే నేను ఆడాను. ఒక చోట ఉండాల్సిన కామాను తెల్ల రంగుతో కప్పేశాను. సాయంత్రం కాగితం వచ్చింది. ఆ చోట కామా ఉంది, పక్కన మార్జిన్లో మన అక్షరాల్లో "దొరికింది దొంగ" అని ఉంది. బస్సులో అందరి ముందూ నవ్వాను. మూడో రోజూ పట్టుకున్నారు. ఈసారి "దొంగ" అని మాత్రమే ఉంది. అక్షరం తోక కిందికి జారిపోయింది.

నాలుగో రోజు కాగితాలు శుభ్రంగా వచ్చాయి. నేను కప్పేసిన చోటు తెల్లగా అలాగే ఉంది.

బస్సు దిగి వెనక్కి నడిచాను. వార్డు గుమ్మంలో ఆయన భార్య కూర్చుని ఉంది.

"ఇవాళ మాస్టారు కాగితాలు చూశారా అక్కయ్యగారూ?"

"చూశారు. పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నారు." ఆవిడ నర్సు వైపు చూసింది. నర్సు చూడనట్టు మొహం తిప్పుకుంది. "వెళ్లు. ఇప్పుడు ఎవరినీ ఆపడం లేదు వీళ్లు."

కాగితాలు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాను.

మాస్టారి ముక్కు మీదా నోటి మీదా ఆక్సిజన్ గొట్టమున్న మాస్కు తొడిగి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నన్ను చూశారో లేదో తెలియదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. "రెండు వందల ఎనిమిదో పేజీ మాస్టారూ" అని చెప్పి, పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి కామా దగ్గర ఆగాను. మంచం కమ్మీ మీద ఆయన వేలు తగిలిన చప్పుడు అయింది. రెండో కామా. మళ్లీ తగిలింది. నలభై ఏళ్ల అలవాటు, పెన్సిలు లేకపోయినా దిగుతోంది.

నేను కప్పేసిన చోటు వచ్చింది. అక్కడ ఆగకుండా చదివేశాను.

ఒక మాట దాటింది. రెండు మాటలు దాటాయి. గొట్టంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో మాట కూడా అయిపోయింది.

అప్పుడు వేలు తగిలింది. చాలా మెల్లగా, ఇనుము మీద గోరు.

"దొరికింది" అన్నాను. ఆయన వేలు కమ్మీ మీదే ఉంది. ఆ చోటుకీ ఈ చప్పుడుకీ మధ్య మూడు మాటల దూరం. మొన్న ఆ దూరం ఉండేది కాదు. రేపు ఎంత ఉంటుందో నాకు తెలియదు.

పేజీలో ఇంకా పంతొమ్మిది లైన్లు ఉన్నాయి. కాగితాన్ని వెలుగు వైపు తిప్పుకుని, తర్వాతి వాక్యాన్ని ముందుకంటే నెమ్మదిగా మొదలుపెట్టాను. కామా దగ్గర ఆగి, కమ్మీ వైపు చూస్తూ ఉన్నాను.